కడుపుతో ఉన్నప్పుడు, కాన్పయ్యాక డిప్రెషన్ స్క్రీనింగ్: బెంగళూరు తెలుగు ఇళ్ల కోసం

బెంగళూరులో ఏ ఆసుపత్రిలో కాన్పుకి పేరు రాయించుకున్నా మొదటి రోజే బీపీ, బరువు, షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ చూసేస్తారు. తర్వాత స్కాన్లు, ఇంజెక్షన్లు, ఐరన్ మాత్రలు సరే సరి. మనసెలా ఉందమ్మా అని అడిగేవాళ్లు మాత్రం కొన్ని చోట్లే కనిపిస్తారు. అడిగినా, వెనకాల ఇంకో పదిమంది కాచుకుని ఉండగా, పక్కన అత్తగారు కూర్చుని ఉండగా, ఇంగ్లీషులోనో కన్నడలోనో అడుగుతారు, మనం "ఆ, బాగానే ఉన్నా" అనేసి చీటీ తీసుకుని లేచి వచ్చేస్తాం. ఆ ప్రశ్నని మీ అంతట మీరు ఎలా అడిగించుకోవాలో, ఇంట్లో వాళ్లయితే ఎలా అడగాలో, జవాబు తేడాగా వస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాదు. ఇక్కడొక ప్రసూతి ఆసుపత్రిలో కన్నడ రాని తెలుగు ఆడవాళ్లకి మాట సాయం చేస్తుంటాను. సీమ నుంచి మేస్త్రీ పనులకి వచ్చినవాళ్లు, గార్మెంట్స్‌లో చేసేవాళ్లు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు సాఫ్ట్‌వేర్ వాళ్లు, అందరూ వస్తారు. కాగితం మీద ప్రశ్నలు ఎవరైనా చదివేయొచ్చు. నిజమైన జవాబు రావాలంటే మాత్రం ఎవరు అడుగుతున్నారు, ఏ భాషలో అడుగుతున్నారు, ఆ సమయంలో గదిలో ఇంకెవరున్నారు అన్నవే ముఖ్యం. ఇన్నాళ్లూ చూసి నాకర్థమైంది అదే.

ఇది ఎక్కడో ఎవరికో వచ్చే జబ్బు అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలని, అంటే 20 వేల మందికి పైగా తల్లుల వివరాలని, కలిపి చూసిన సమీక్ష ఒకటి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. కాన్పు తర్వాత డిప్రెషన్ సుమారు 22 శాతం మందిలో కనిపించింది. అంటే మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ ఏడాది కాన్పైన ఐదుగురిలో ఒకరు. పైగా ఇది కాన్పు తర్వాతే మొదలవుతుందని కూడా లేదు, చాలామందికి కడుపుతో ఉండగానే మొదలవుతుంది, అప్పుడు అందరూ "వేవిళ్లు కదా, నీరసం కదా" అని సర్దేస్తారు.

ప్రశ్నలు అడిగేసినంత మాత్రాన సరిపోదని చెప్పడానికి అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ల అనుభవం ఒకటి తెలుసుకోవాలి. కాన్పైన ప్రతి తల్లికీ డిప్రెషన్ స్క్రీనింగ్ చేయాలని అక్కడ అందరికంటే ముందు 2006లో చట్టం చేసిన రాష్ట్రం న్యూజెర్సీ. అక్కడ మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమా మీద కాన్పైన వాళ్ల రికార్డులు తిరగేసిన పరిశోధకులు 2011లో చెప్పింది ఏమిటంటే, కాన్పు తర్వాత మానసిక చికిత్స మొదలుపెట్టిన వాళ్లు తెల్లవాళ్లలో 9 శాతం, నల్లజాతి తల్లుల్లో 4 శాతమే. నల్లజాతి తల్లులకి అవసరం తక్కువై కాదు. చట్టం వచ్చాక కూడా మెడికెయిడ్ తల్లులకి చికిత్స అందే తీరు మారలేదని అదే బృందం ఇంకో పత్రంలో రాసింది. కారణాలు వెతికితే చాలానే ఉన్నాయి. ఆసుపత్రుల్లో వాళ్ల మాట లెక్కచేయకపోవడం ఒకటి (కాన్పుకి సంబంధించిన కారణాలతో చనిపోయే ప్రమాదం అక్కడ తెల్లవాళ్ల కంటే నల్లజాతి ఆడవాళ్లకి సుమారు మూడు రెట్లు). నిజం చెప్తే పిల్లల్ని ప్రభుత్వం తీసుకెళ్లిపోతుందేమోనన్న భయం ఇంకొకటి. అన్నిటికీ తోడు, నల్లజాతి స్త్రీ అంటే ఎంత బరువైనా మోస్తుంది, కన్నీళ్లు పెట్టదు అని తరతరాలుగా నెత్తిన పెట్టిన మోపు. షెరిల్ వుడ్స్ జిస్కోంబే అనే పరిశోధకురాలు 2010లో దీని మీదే రాసి, దానికి సూపర్‌వుమన్ స్కీమా అని పేరు పెట్టారు.

వాళ్లు పడే జాతి వివక్షని తెచ్చి మన అత్తాకోడళ్ల గొడవల పక్కన పెట్టడం తప్పు, నేను ఆ పని చేయట్లేదు. కానీ ఆ చివరి మాట మనకి బాగా తెలిసిందే కదా. "భూదేవంత ఓర్పు" అని పొగిడి మరీ కూర్చోబెట్టిన ఆడపిల్ల, ఆసుపత్రిలో నర్సు ముందు "నాకు బాగోలేదు" అని ఏ నోటితో చెప్తుంది?

ఎప్పుడెప్పుడు చేయించుకోవాలి

అమెరికా గైనకాలజిస్టుల సంఘం చెప్పే పద్ధతి ఇలా ఉంటుంది: కడుపుతో ఉన్నప్పుడు మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, నెలలు నిండే ముందు ఇంకోసారి, కాన్పు తర్వాత మళ్లీ. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘమైతే బిడ్డని 1, 2, 4, 6 నెలల్లో చూపించడానికి తెచ్చినప్పుడల్లా తల్లిని కూడా అడగమంటుంది. ఈ రెండో సలహా మనకి బాగా పనికొస్తుంది, ఎందుకంటే మన దగ్గర కాన్పయ్యాక తల్లి కోసం ఆసుపత్రికి వెళ్లేవాళ్లు తక్కువ గానీ బిడ్డకి టీకా తప్పించేవాళ్లు దాదాపు ఉండరు. 6, 10, 14 వారాల టీకాలు ఉంటాయి కదా, ఆ తేదీల పక్కనే తల్లి స్క్రీనింగ్ అని రాసిపెట్టుకోండి.

మన తెలుగు వాళ్లకి ఇక్కడ ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్తారు. అప్పటిదాకా చూసిన బెంగళూరు డాక్టరుకి ఆ తర్వాత ఏమైందో తెలియదు, కర్నూలులోనో కడపలోనో పురుడు పోసిన డాక్టరుకి అంతకు ముందు ఆవిడ ఎలా ఉండేదో తెలియదు, మూడో నెలో ఐదో నెలో వచ్చాక మంచి రోజు చూసి బెంగళూరు ఫ్లాటుకి తిరిగొచ్చేసరికి ఆరు వారాల చెకప్ ఎవరి ఖాతాలోనూ లేకుండా పోతుంది. కాబట్టి పుట్టింటికి బయల్దేరే ముందు ఇక్కడే ఒకసారి చేయించుకుని, ప్రశ్నల కాగితంలో వచ్చిన ఆ స్కోరు (దాని సంగతి కింద చెప్తాను) తాయి కార్డు, అంటే కర్ణాటకలో గర్భిణులకి ఇచ్చే కార్డు, వెనకాలో ఫైల్లోనో తేదీతో సహా రాయించుకోండి. పుట్టింట్లో ఆరో వారం టీకా రోజున ఒకసారి. బెంగళూరు తిరిగొచ్చిన రెండు మూడు వారాలకి ఇంకోసారి. ఈ మూడోది చాలామంది వదిలేస్తారు గానీ నాకైతే అదే ముఖ్యం అనిపిస్తుంది. పుట్టింట్లో అమ్మ, పిన్ని, పక్కింటి వాళ్లు, స్నానం చేయించే మనిషి అందరూ ఉండి, ఒక్కసారిగా పన్నెండో అంతస్తులో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఒక్కతే చంటిబిడ్డతో మిగిలిపోయే సమయం అది. ఉద్యోగం చేసేవాళ్లయితే 26 వారాల సెలవు అయిపోయి మళ్లీ ఆఫీసుకి వెళ్లే ముందు కూడా ఒకసారి చూసుకుంటే మంచిది.

ఆ కాగితంలో ఏముంటుంది

ఎక్కువగా వాడేది ఎడిన్‌బరో స్కేల్, డాక్టర్లు ఈపీడీఎస్ అంటారు. స్కాట్లాండ్‌లో తయారై 1987లో బయటికొచ్చింది. పది ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, గడిచిన ఏడు రోజుల్లో ఎలా ఉన్నారో దాన్ని బట్టి ఒకటి ఎంచుకోవాలి, ఐదు నిమిషాల పని. నవ్వొచ్చే విషయానికి నవ్వగలుగుతున్నారా, రేపటి గురించి ఏమన్నా ఆశగా ఉందా, ఏదైనా తప్పు జరిగితే అనవసరంగా మిమ్మల్ని మీరే తిట్టుకుంటున్నారా, కారణం లేకుండా కంగారు, భయం వస్తున్నాయా, పనులన్నీ నెత్తిన పడ్డట్టు ఉందా, దిగులుతో నిద్ర పట్టడం లేదా, బాధగా ఉంటోందా, ఏడుపొస్తోందా, చివరగా, మీకు మీరే హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా. తెలుగు అనువాదాలు ఉన్నాయి, అడిగి తీసుకోండి. లేదంటే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ వాళ్లకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఆ సంగతి కింద చెప్తాను.

మార్కులు వేసేటప్పుడు చాలామంది తడబడేది ఒక చోట. ఒక్కో జవాబుకి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 30. ఒకటి, రెండు, నాలుగు ప్రశ్నల్లో పై జవాబుకి సున్నా, కిందికి వచ్చేకొద్దీ పెరుగుతుంది. మిగతా ఏడింట్లో తలకిందులు, పై జవాబుకే మూడు. ఇది చూసుకోకుండా కూడితే, కిందా మీదా పడుతున్న మనిషికి కూడా సుబ్బరంగా ఉన్నట్టు లెక్క తేలుతుంది.

నిద్ర ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగండి. "నిద్ర పట్టడం లేదా" అంటే ప్రతి బాలింతా అవుననే అంటుంది, రెండు గంటలకోసారి లేచి పాలు పట్టే మనిషికి నిద్రెక్కడిది? ప్రశ్న అది కాదు. బిడ్డ పడుకున్నాక, ఇల్లంతా సద్దుమణిగాక, మీకు అవకాశం దొరికినా కూడా దిగులుతో కళ్లు మూత పడటం లేదా అని. అడిగేవాళ్లు ఈ తేడా విడమర్చి చెప్పాలి.

కొన్ని ఆసుపత్రుల్లో దీనికి బదులు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తారు. అది గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది, 27 మార్కులకి 10 గానీ ఆపైన గానీ వస్తే ఇంకా వివరంగా చూడాలి అని అర్థం. దాంట్లో నీరసం, ఆకలి, నిద్ర కూడా ఉంటాయి కాబట్టి నిండు నెలలవాళ్లకి ఊరికే నాలుగు మార్కులు ఎక్కువొచ్చే వీలుంది. ఎడిన్‌బరో కాగితంలో ఒంటి బాధలు కావాలనే పెట్టలేదు. అయితే మన ఆడవాళ్లు మనసు బాధ చెప్పేదే ఒంటి మీద పెట్టి: తల తిమ్మిరిగా ఉంది, గుండె దడ, ఒళ్లంతా మంటలు, నరాల్లో బలం లేదు. కాబట్టి కాగితంలో స్కోరు తక్కువొచ్చినా, పరీక్షల్లో ఏమీ దొరక్కపోయినా ఈ మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటే వదిలేయకండి.

ఎవరు అడగాలి, ఎలా అడగాలి

అనంతపురం వైపు నుంచి ఒకమ్మాయి, రెండో కాన్పు, మళ్లీ ఆడపిల్ల. నర్సు కన్నడలో ప్రశ్న చదివింది. పక్కనున్న అత్తగారు దాన్ని ఇలా తెలుగు చేసింది: "ఏమ్మే, ఏడుస్తాండావా అని అడుగుతాండారు, లేదని చెప్పు." అమ్మాయి లేదంది. నర్సు సున్నా వేసింది. పది ప్రశ్నలూ అలాగే అయ్యాయి. అత్తగారు బిల్లు కౌంటరు దగ్గరికి వెళ్లాక, బిడ్డకి చుట్టిన టవలు అంచు దారాలు లాగుతూ ఆ పిల్ల మెల్లిగా అంది, "బిడ్డ పండుకున్యాక గూడా నాకు నిద్ర రాదక్కా, గోడ చూస్తా కూర్చుంటా." మళ్లీ మొదటి నుంచి అడిగితే స్కోరు 16 వచ్చింది. ఆ అత్తగారు చెడ్డ మనిషేం కాదు, కోడలికి పిచ్చి అని రాసేస్తారేమో అని ఆవిడ భయం ఆవిడది.

సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇళ్లల్లో ఇదే కథ ఇంకో వేషంలో నడుస్తుంది. ఆసుపత్రి యాప్‌లో ఫారం వస్తుంది, మిగతా ఫారాలన్నీ నింపినట్టే దీన్ని కూడా ఆయనే నింపేస్తాడు, "నువ్వు హ్యాపీగానే ఉన్నావుగా?" అని తల ఎత్తకుండా అడుగుతూ.

అందుకని మొదటి నియమం, కాగితం నింపేటప్పుడు తల్లి ఒక్కతే ఉండాలి. చదువు రాకపోతే బయటి మనిషి ఎవరైనా చదివి పెట్టాలి, నర్సు గానీ ఆశా కార్యకర్త గానీ. ఇంట్లో వాళ్లని బయటికి పంపడం మొహమాటంగా ఉంటే డాక్టరుతో ముందే చెప్పండి, "ఐదు నిమిషాలు నాతో విడిగా మాట్లాడండి" అని, వాళ్లే ఏదో వంకతో పంపిస్తారు. ఇంట్లో కొట్టడం, తిట్టడం ఉన్నచోట విడిగా మాట్లాడటం అన్నది సౌకర్యం కాదు, రక్షణ. అలాంటప్పుడు నింపిన కాగితం ఇంటికి తీసుకెళ్లకండి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు మాత్రం గుర్తుంచుకోండి.

ఇంట్లో అమ్మో అక్కో భర్తో అడగాలనుకుంటే, "నీకు డిప్రెషనా?" అని అడగొద్దు, ఎవరైనా కాదనే అంటారు. నూనె రాస్తూనో, బిడ్డ బట్టలు మడత పెడుతూనో, ఎదురెదురుగా కాకుండా పక్కన కూర్చుని మామూలుగా అడగండి. బిడ్డ పడుకున్నాక నీకు నిద్ర పడుతోందా? తింటున్న అన్నం రుచి తెలుస్తోందా? బిడ్డని చూస్తే ఏమనిపిస్తోంది, ఏమీ అనిపించకపోయినా పర్లేదు చెప్పు. ఈ నెల రోజుల్లో ఎక్కువగా దిగులుగా, ఏ ఆశా లేనట్టుగా ఉందా? ఇదివరకు ఇష్టమైన పని ఏదైనా ఇప్పుడు చేయాలనిపించడం లేదా? ఈ చివరి రెండింటిని డాక్టర్లు కూడా వడపోతకి వాడతారు, రెంట్లో ఒక్కదానికి అవునన్నా పది ప్రశ్నల కాగితం నింపించాలి.

అడిగాక నోరు మూసుకుని వినాలి, కష్టమైన భాగం అదే. "నీకేం తక్కువ", "బిడ్డ మొహం చూసి మర్చిపో", "మా కాలంలో పదిమందిని కన్నాం", "ఇలా ఏడిస్తే పాలు విరిగిపోతాయి" ఇవేవీ వద్దు. ఈ మాటలు పడ్డాక ఆ మనిషి ఇంక ఎవరికీ చెప్పదు.

స్కోరు వచ్చాక

ఎడిన్‌బరో కాగితంలో 13 గానీ ఆపైన గానీ వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం ఎక్కువ, ఆ వారంలోనే డాక్టరుకి చూపించాలి. 10 నుంచి 12 మధ్యలో వస్తే డాక్టరుకి చెప్పి రెండు వారాలకి మళ్లీ చేయాలి. మన దేశంలో కొన్ని భాషల్లో పరీక్షించి చూసినప్పుడు 13 కన్నా బాగా కిందే గీత పెట్టాల్సి వచ్చింది, కాబట్టి తొమ్మిది వచ్చిందని సంబరపడి కాగితం చించేయొద్దు, మనిషిని చూడండి. ఇంకోటి, స్కోరంటే రోగనిర్ధారణ కాదు. జ్వరం ఉందని థర్మామీటర్ చెప్తుంది గానీ అది టైఫాయిడా మలేరియానా అని చెప్పదు, ఇదీ అంతే.

పదో ప్రశ్నకి సున్నా తప్ప ఏ మార్కు వచ్చినా మొత్తం స్కోరు ఎంతైనా సరే, ఆ రోజే మాట్లాడాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి, అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఆమెని ఒంటరిగా వదలొద్దు, మాత్రలు, పల్లెటూరి ఇల్లయితే పురుగుమందు చేతికందకుండా తీసేయండి, టెలీమానస్‌కి ఫోన్ చేయండి లేదా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాన్పైన రెండో రోజో మూడో రోజో ఊరికే ఏడుపొచ్చి, చిరాకు పడి, రెండు వారాల్లోపు తగ్గిపోతే అది జబ్బు కాదు, సగానికి పైగా తల్లులకి వస్తుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డిప్రెషన్ అని అనుమానించాలి. దీనికి పూర్తిగా వేరుగా ఇంకోటి ఉంది, డాక్టర్లు పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ అంటారు, వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. నిద్రే అక్కర్లేనట్టు తిరగడం, పొంతన లేని మాటలు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, బిడ్డలో దేవుడో దెయ్యమో ఉందనడం, ఇంట్లో వాళ్ల మీద విపరీతమైన అనుమానం. ఇంట్లో వాళ్లు "బాలింతకి గాలి సోకింది" అంటారు. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, తాయెత్తు కడతామంటే కట్టనివ్వండి, వాదించి టైం పోగొట్టుకోకండి, కానీ కారు బయట స్టార్ట్ చేసి ఉండాలి. ఇది ఎమర్జెన్సీ, స్కోర్లు వేసే పని కూడా కాదు.

చాలామంది తల్లులు సిగ్గుతో దాచుకునే విషయం ఇంకొకటి ఉంది. బాల్కనీలో బిడ్డని ఎత్తుకుని నిలబడితే "చేయి జారితే" అని ఒక బొమ్మ కళ్ల ముందు మెరుస్తుంది, ఒళ్లు జలదరిస్తుంది, లోపలికి వచ్చేసి తలుపేసుకుంటారు, నేనెంత పాపిష్టిదాన్ని అని కుమిలిపోతారు. ఇలాంటి అక్కర్లేని ఆలోచనలు కొత్త తల్లులకి చాలా మామూలు, భయపడి పక్కకి జరుగుతున్నారంటే బిడ్డకి హాని చేసేవాళ్లని కాదు అర్థం. పదే పదే వచ్చి బాల్కనీ వైపే వెళ్లలేకపోతుంటే దానికి వైద్యం ఉంది, డాక్టరుతో ఉన్నదున్నట్టు చెప్పండి. అలా చేయమని ఎవరో ఆజ్ఞాపిస్తున్నట్టు అనిపించినా, చేయడమే సరైనదనిపించినా అది పైన చెప్పిన ఎమర్జెన్సీ.

బెంగళూరులో ఎక్కడికి

అన్నిటికంటే తేలిక టెలీమానస్, 14416. డబ్బులు పడవు, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, 2022 అక్టోబరులో మొదలైంది. భాష ఎంచుకోమంటుంది, తెలుగు ఎంచుకోండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే "నాకు కాన్పై ఇన్ని నెలలు, ఎడిన్‌బరో స్కోరు ఇంత వచ్చింది" అంటే చాలు, మిగతాది వాళ్లే అడుగుతారు.

హోసూరు రోడ్డులో నిమ్‌హాన్స్ ఉంది. అక్కడ కాన్పుకి ముందు, తర్వాత వచ్చే మానసిక సమస్యల కోసం ప్రత్యేక విభాగం ఉంది, తల్లిని, బిడ్డని కలిపే చేర్చుకునే వార్డు 2009 నుంచి నడుస్తోంది. ఎమర్జెన్సీ రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. నిమ్‌హాన్స్ పేరు చెప్పగానే మన వాళ్లు "అయ్యో పిచ్చాసుపత్రా" అంటారు గానీ సీమ జిల్లాల నుంచి పొద్దున బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చేవాళ్లు ఎంతమందో, తెలుగు మాట్లాడే మనిషి దొరకడం కష్టం కాదు. పొద్దున్నే వెళ్లండి, రోజంతా పట్టొచ్చు, బిడ్డ సామాను, ఆధార్, తాయి కార్డు, పాత చీటీలు, వాడుతున్న మందుల పేర్లు పట్టుకెళ్లండి. అంత దూరం వద్దనుకుంటే కోరమంగల సెయింట్ జాన్స్ లాంటి పెద్ద ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. అసలు మీ గైనకాలజిస్టుతోనే మొదలుపెట్టొచ్చు. కాకపోతే "కొంచెం డల్‌గా ఉంటోంది డాక్టర్" అని నీళ్లు నమలకండి, రెస్ట్ తీసుకోమని విటమిన్ రాసి పంపేస్తారు. "ఈపీడీఎస్‌లో 15 వచ్చింది, సైకియాట్రిస్టుకి రెఫర్ చేయండి" అని అంకెతో చెప్పండి.

వెళ్లాక థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 చూడమని అడగండి, ఈ మూడూ తేడాగా ఉన్నా మనిషి డిప్రెషన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. పథ్యం పేరుతో నెలల తరబడి కారప్పొడి, చారన్నం మీద ఉంచే ఇళ్లల్లో అయితే తప్పకుండా. డిప్రెషనే అని తేలితే, తక్కువగా ఉన్నప్పుడు మాటలతో చేసే చికిత్స సరిపోవచ్చు, ఎక్కువైతే మందులిస్తారు. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులు ఉన్నాయి, సెర్ట్రలీన్ లాంటివి డాక్టర్లు ఎక్కువగా రాస్తారు. మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, మీ అంతట మీరు ఆపొద్దు. కడుపుతో ఉన్నామని తెలియగానే పాత మందులు టక్కున మానేసి నెల తిరిగేసరికి మంచాన పడ్డవాళ్లని చూశాను, ముందు డాక్టరుకి ఫోన్ చేయండి.

బిడ్డని లాక్కుంటారేమో, ఆఫీసులో తెలిసిపోతుందేమో అన్న రెండు భయాలకి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే జవాబుంది. తల్లి చికిత్సలో ఉన్నప్పుడు మూడేళ్లలోపు బిడ్డని మామూలుగా ఆమె నుంచి వేరు చేయకూడదు, తల్లి వల్ల బిడ్డకి ప్రమాదం ఉంటే తప్ప. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత ఆసుపత్రిది. హెచ్‌ఆర్‌కి మీరు స్కోరు చెప్పాల్సిన పని లేదు.

ఇంట్లో వాళ్లు వెంటనే చేయగలిగింది ఒకటుంది, రాత్రిపూట ఆ తల్లికి నాలుగైదు గంటలు ఏకబిగిన నిద్ర ఇప్పించడం. పాలు పిండి ఉంచితే ఒక పూట ఆయనే పట్టొచ్చు, లేదా పాలివ్వగానే బిడ్డని అందుకుని తేన్పు తెప్పించి, గుడ్డ మార్చి, ఊపి పడుకోబెట్టే పని అమ్మమ్మో నాయనమ్మో చూసుకోవచ్చు. ఇది మందుకి బదులు కాదు, మందుతో పాటు. అన్నట్టు, ఆ మగవాళ్లని కూడా ఒక కంట కనిపెట్టండి, కొత్త తండ్రుల్లో కూడా పదిమందిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, వాళ్లు ఏడవరు, ఆఫీసులోనే ఉండిపోతారు.

కూతురికో కోడలికో పురుడు పోయడానికి అమెరికా ఫ్లైటెక్కే అమ్మలకి ఒక మాట. అక్కడ డాక్టరు ఇచ్చే ఆ కాగితాన్ని "ఏంటోలే" అని పక్కన పెట్టించకండి, అమ్మాయి నింపేటప్పుడు మీరు బయట కూర్చోండి. అక్కడ తల్లుల కోసమే ప్రభుత్వ ఫోన్ లైన్ ఉంది, 1-833-852-6262, ఫ్రిజ్ మీద రాసి అంటించండి.

చికిత్స మొదలయ్యాక కూడా పాత కాగితాలు పారేయొద్దు. డాక్టరు మళ్లీ రమ్మన్న రోజుకి ముందు రాత్రి అదే కాగితం కొత్తగా నింపి, పాతదీ కొత్తదీ రెండూ పట్టుకెళ్లండి. స్కోరు తగ్గకపోతే మందు మోతాదు మార్చాలా, కౌన్సెలింగ్ కలపాలా అని అడగండి.